మామ్మ రంగుల బాన

పోయిన నెలలో రావులపాలెం బస్టాండులో దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది. అమలాపురం బస్సుకి ఇంకా టైముంది. గేటు పక్కన జ్యూస్ బండి, దాని వెనకాల గోనెసంచి నిండా దానిమ్మ తొక్కలు. రెండు రోజులవి కాబోలు, వానకి తడిసి అంచులు నల్లబడుతున్నాయి. ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. వగరు, అడుగున కాస్త పులుపు. మా మామ్మ చేతుల వాసన అది. అన్నం కలిపి ముద్ద పెట్టినా, తలకి నూనె రాసినా ఆ చేతుల దగ్గర అదే వాసన వచ్చేది.

"తమ్ముడూ, ఈ తొక్కలు ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఏం చేస్తామండి, పొద్దున్నే ట్రాక్టరొచ్చి పట్టుకుపోతాది."

"నేను తీసుకెళ్ళనా?"

ఆ అబ్బాయి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "సంచీతో సహా పట్టుకెళ్ళండి మేడమ్" అన్నాడు. మూతి కట్టి, బస్సు దాకా తనే మోసుకొచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. కొత్తపేట దాటే దాకా నేను కిటికీలోంచి బయటికి చూడనేలేదు.

నేను వెళ్తున్నది బండార్లంక. చిన్నాన్న వాళ్ళు మా పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టిస్తున్నారు. "మీ మామ్మ సామాన్లు ఏమన్నా కావాలంటే వచ్చి చూసుకోవే అమ్మా, మళ్ళీ ఉండవు" అని ఫోన్ చేశారు.

* * *

నా చిన్నప్పుడు మా వీధిలో తెల్లవారేది కోడికూతతో కాదు, మగ్గాల చప్పుడుతో. ఒక ఇంట్లో మొదలైతే పక్కింట్లో అందుకునేవారు. కళ్ళు తెరవకుండానే ఏ చప్పుడు ఎవరిదో చెప్పేదాన్ని. మా నాన్నది నిదానంగా, ఒకే తూకంగా ఉండేది. ఎదురింటి బాబాయి మగ్గం ఆగి ఆగి ఆడిందంటే పోగులు తెగుతున్నాయని అర్థం. ఎండ రాకముందే వీధి పొడుగునా పడుగులు చాపి, గంజి పట్టించి, కుంచెలతో తోమేవారు. బడికెళ్ళేటప్పుడు మేము ఆ పడుగుల కింద నుంచి వంగి వెళ్ళేవాళ్ళం. తల తగిలితే చీవాట్లే. ఇప్పుడు ఆ వీధిలో సిమెంటు రోడ్డు మీద బైకులు ఉన్నాయి.

నాన్న గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడు. అమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. రంగులు మామ్మవి. అప్పటికే వీధిలో దాదాపు అందరూ అమలాపురంలో రంగు నూలే కొనుక్కొచ్చేవారు. లేదంటే డబ్బా రంగులు తెచ్చి వేడినీళ్ళలో కలిపేవారు. గంటలో పని అయిపోయేది. మామ్మ మాత్రం మానలేదు. ఆమె పుట్టిల్లు పాలకొల్లు వైపు. వాళ్ళ ముందు తరాలన్నీ నూలుకి రంగులు వేసి బతికినవాళ్ళు. వాళ్ళ తాత సముద్రం ఒడ్డు ఇసక నేలల్లో చిరివేరు తవ్వించి, దానితో ఎర్ర రంగు తీసేవాడట. ఆమె పుట్టేసరికే ఆ పని పోయింది, మాటగా వినడమే.

చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాల్లో చదివితే ఆ మాట వెనకాల ఎంత ఉందో తెలిసింది. పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చివాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు వర్తక కోఠీలు పెట్టుకున్నారంటే మన డెల్టా బట్టల కోసమే ఎక్కువగా. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరే నోరు తిరక్క మడపోలం అయ్యి, ఒక రకం బట్టకి ప్రపంచమంతా అదే పేరు నిలిచింది. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే కుర్రవాడి చేతిలో మొదటి కృత్రిమ రంగు పుట్టింది. ఆ తర్వాత పుష్కరం తిరిగేసరికి చిరివేరులో ఉండే ఎరుపునే జర్మనీలో బొగ్గు తారు నుంచి తీశారు. ఎవరో ఎక్కడో సీసాలో కలిపిన రంగుకి మా మామ్మ తాత చేతిలో పలుగు ఆగిపోయిందన్నమాట. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

చిరివేరు పోయాక వాళ్ళింట్లో ఆడవాళ్ళ చేతుల్లో మిగిలింది పండ్ల తొక్కలు, కొబ్బరి డొక్కలు, గింజల పొట్టు. డబ్బు పెట్టి కొనక్కర్లేనివి.

* * *

ఊళ్ళో పెళ్ళి జరిగితే అందరూ భోజనాలకి వెళ్తే, మామ్మ భోజనాలయ్యాక ఒక బుట్ట పట్టుకుని వెనకవైపు వెళ్ళేది. పండ్లు కోసిన చోట దానిమ్మ తొక్కలు ఏరి తెచ్చుకునేది. నాకు అప్పట్లో సిగ్గేసేది. స్నేహితురాలు చూస్తుందేమోనని దూరంగా నడిచేదాన్ని. ఆమె మాత్రం బంగారం మోస్తున్నట్టు ఆ బుట్ట నడుం మీద పెట్టుకుని వీధి మధ్యలోంచే వచ్చేది.

వేసవిలో ఆత్రేయపురం నుంచి మామిడి తొక్కలు వచ్చేవి. అక్కడ మామిడి తాండ్ర వేసే ఇంట్లో మా మేనత్త పని చేసేది. రసం చాపల మీద పొర మీద పొరగా పోస్తారు, తొక్కలూ టెంకలూ పెరట్లో గుట్టలు పడతాయి. మేనత్త వచ్చేటప్పుడు తాండ్ర ముక్క నాకు, తొక్కల మూట మామ్మకి. టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి దంచేది. చింతపండు ఒలిచే రోజుల్లో గింజలు వేయించి, పై పొట్టు రాల్చుకునేది. నూలు వలలు పాడవకుండా వగరు నీళ్ళు పట్టించడానికి ఓడలరేవు వైపు నుంచి బెస్తవాళ్ళు కూడా ఒకప్పుడు ఈ పొట్టు కోసం వచ్చేవారని చెప్పేది. నూలు వలలు పోయి నైలాన్ వచ్చాక వాళ్ళు రావడం మానేశారు.

తొక్కలన్నీ తాటాకు చాప మీద, నీడలో. ఎండలో పెట్టనిచ్చేది కాదు. గలగలమనేలా ఆరాక వేపాకు వేసి కుండల్లో పెట్టి మూతి గుడ్డతో కట్టేది. మా పడక గదిలో మంచం కింద అవే. రాత్రిళ్ళు ఎలక తిరిగితే ఆ తొక్కల చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది.

ఒక ఎండాకాలం నేనూ రంగు వేస్తానని గుప్పెడు నేరేడు పళ్ళు చిదిమి తెల్ల రుమాలు ముంచాను. ఊదారంగులో ఎంత అందంగా వచ్చిందో! మామ్మ ఏమీ అనలేదు. "ఇప్పుడు సబ్బు పెట్టు" అంది. సబ్బు తగలగానే ఊదా కాస్తా నీలంగా మారింది. నాలుగు రోజులు ఎండలో ఆరేసరికి బూడిద రంగుకి దిగిపోయింది. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని, "అది మరకే అమ్మడూ. దాన్ని పట్టి ఉంచేది ఏదీ నువ్వు వెయ్యలేదు. వేసినా నేరేడు నిలవదు. కంటికి నచ్చిందల్లా రంగు కాదు" అంది. తర్వాత ఆ రుమాలునే దానిమ్మ నీళ్ళలో ముంచి పసుపు చేసి ఇచ్చింది. పదో తరగతి దాకా వాడాను.

* * *

పెరట్లో అరటి మొక్కల పక్కన ఊక పొయ్యి, దాని మీద ఇత్తడి గుండిగ. నానబెట్టడానికి నల్లటి మట్టి బాన, నా నడుం ఎత్తు. ఇనప సామాను ఆ చుట్టుపక్కలకి రానిచ్చేది కాదు. ఒకసారి అమ్మ తొందరలో ఇనప గరిటతో కలిపితే బంగారంలా ఉన్న నీళ్ళు మా కళ్ళ ముందే మబ్బేసినట్టు మారిపోయాయి. ఆ రోజు మామ్మ అన్నం తినలేదు.

ముందు నూలు ఉడకాలి. కొత్త నూలుకి జిడ్డు ఉంటుంది, అది పోకపోతే నీళ్ళు లోపలికి దిగవు. సోడా కొనేది కాదు. గెల కొట్టేసిన అరటి బోదెలూ దొప్పలూ ఎండబెట్టి కాల్చి, ఆ బూడిద కుండలో పోసి, నీళ్ళు పోసి, పైన తేరిన నీళ్ళు వంచుకునేది. వేళ్ళ మధ్య రుద్దితే సబ్బులా జారేవి. అందులో చిలపలు, అంటే నూలు కట్టలు, ఉడకబెట్టి, కాలవ రేవులో జాడించి తెచ్చేది. నీళ్ళలో వేస్తే చిలప తేలకుండా టక్కున మునగాలి. మునిగితేనే పనికొచ్చినట్టు.

దానిమ్మ తొక్క రాత్రంతా నానేది. పొద్దున్న పొయ్యెక్కించి, సన్న మంట మీద గంట పైగా. మూత తీస్తే వచ్చే ఆవిరికి నాలుక దానంతట అదే వగరెక్కేది. మామ్మ పుల్లతో ఒక చుక్క తీసి, చల్లార్చి, నాలుక కొసకి ఆనించేది. కళ్ళు మూసుకునేది. చాలకపోతే ఇంకో గుప్పెడు తొక్క. నా నాలుకకీ ఆనించి, "గుర్తుపెట్టుకో" అనేది. తర్వాత వడగట్టి, రంగు పట్టి ఉండేలా పటిక నీళ్ళలో ముంచి పిండిన చిలపలు అందులో వేసి, వెదురు కర్రలతో అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఒక్క నిమిషం వదిలినా చారలు పడతాయి. మొదట మురికి తెలుపులా ఉంటుంది. కాసేపటికి నిమ్మపండు, ఇంకాసేపటికి పండిన వరి. రాత్రికి అందులోనే వదిలేస్తే తెల్లారేసరికి చేమంతి.

పెరటి మూల, మేము ముట్టుకోకూడని చిన్న కుండ ఇంకొకటి ఉండేది. అందులో తుప్పుపట్టిన మేకులు, తాటిబెల్లం, నీళ్ళు. ఇరవై రోజులు పులిసేది. కసిం అనేది. ఆ మేకులు మామూలువి కావు. తాళ్ళరేవులో పడవలు కట్టే చోట పని చేసే చుట్టం ఒకాయన, విప్పేసిన పాత పడవల మేకులు తెచ్చి ఇచ్చేవాడు. ఆ నీళ్ళు రెండు గరిటెలు పడితే దానిమ్మ పసుపు పాచి రంగుకి తిరిగేది, కరక్కాయ నీళ్ళయితే నల్లగా. ఇనుమంటే అంత జాగ్రత్త పడే మనిషి, కావాలనుకున్నప్పుడు అదే ఇనుముని చుక్కలతో కొలిచి వాడేది.

* * *

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. సాయంత్రం మొదలైన తుపాను గాలి రాత్రికి నెత్తి మీద నుంచి రైలు వెళ్తున్నట్టు అరిచింది. పెంకులు ఒక్కొక్కటీ కాదు, వరసకి వరస లేచిపోయాయి. మేమందరం వంటింటి మూల మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. మామ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని నా చెవులు మూసింది. నాకప్పటికే పదహారేళ్ళు.

తెల్లారి చూస్తే ఆకాశం మరీ పెద్దదిగా కనిపించింది. కొబ్బరిచెట్లు లేవు. ఉన్నవాటికి తలలు లేవు. మగ్గం గుంట నిండా నీళ్ళు, అందులో తేలుతున్న పడుగు. అటక మీద దాచిన నూలు బండిళ్ళు కిందపడి ఒండ్రులో కూరుకుపోయాయి. అది అప్పు మీద తెచ్చిన నూలు. నాన్న గుమ్మంలో కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఏమీ మాట్లాడలేదు. మనుషులు పోయిన ఇళ్ళు ఉన్నాయి, మన నూలు గురించి ఏడవకూడదని అమ్మ నోరు నొక్కుకుంది.

మూడో రోజు మామ్మ నన్ను పిలిచింది. ఊరంతా లేత కొబ్బరికాయలు రాలి పడి ఉన్నాయి. తాగినవాళ్ళు తాగారు, మిగతావి కుళ్ళుతున్నాయి. "డొక్కలు ఏరుకురా, పచ్చివే తేవాలి" అంది. కత్తితో వాటిని చిన్న ముక్కలు నరికి బానలో పోసింది. పచ్చి డొక్క రసం గుడ్డకి తగిలితే ఎప్పటికీ పోదని కోనసీమలో ప్రతి తల్లికీ తెలుసు. పిల్లల చొక్కాల మీద ఆ మరకలు చూసి తిట్టని రోజు ఉండదు. మామ్మ ఆ మరకనే నమ్ముకుంది.

కాలవ నీళ్ళు బురద. చిల్లగింజ బిందె లోపల అరగదీసి, నీళ్ళు తేరేదాకా పొద్దంతా కాసుకుని కూర్చుంది. పటిక వేసినా తేరుతాయి గాని, ఉన్న కాస్త పటిక నూలుకి కావాలని దాచింది. ఒండ్రు పట్టిన చిలపలు బూడిద నీళ్ళలో రెండుసార్లు ఉడికాయి. మట్టి పోయింది గాని డాగులు పోలేదు. తెల్ల నూలుగా ఇక పనికిరాదు. డొక్కలు రెండు రోజులు నాని, తడి కట్టెల పొగలో గంటలు గంటలు ఉడికాయి. నీళ్ళు ముదురు టీలా అయ్యాయి. నేనూ ఆవిడా కర్రలు పట్టుకుని చెరోవైపు నిలబడి తిప్పాం. పొగకి ఇద్దరి కళ్ళూ కారుతూనే ఉన్నాయి. సాయంత్రం మొదటి చిలప పైకి తీసి దండెం మీద వేస్తే, ఇటుక పొడిలో పాలు కలిపినట్టు, ఎరుపు తగిలిన గోధుమ రంగు. డాగులు ఉన్నాయి, కానీ రంగులో కలిసిపోయి, కావాలని వేసినట్టు ఉన్నాయి.

నాన్న లేచి వచ్చి చిలపని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. చాలాసేపు చూశాడు. "తువ్వాళ్ళు నేద్దామమ్మా" అన్నాడు. తుపాను తర్వాత ఆయన అన్న మొదటి మాట అది. సంక్రాంతి లోపల గుంట ఎండగట్టి, మగ్గం నిలబెట్టి, ఆ నూలంతా నేశాడు. అప్పు తీరలేదు గాని, బియ్యం వచ్చాయి.

* * *

ఆ తర్వాతి ఏడాది, 1997లో, మన ప్రభుత్వం ఒంటికి హాని చేసే కొన్ని అజో రంగుల్ని, అంటే ఒక రకం కృత్రిమ రంగుల్ని, నిషేధించింది. జర్మనీ లాంటి దేశాలు అలాంటి రంగులున్న బట్ట అప్పటికే వద్దన్నాయి. ఒక్కసారిగా అందరికీ సహజ రంగులు గుర్తొచ్చాయి. కొన్నాళ్ళకి మా వైపు ఒక సంఘం వాళ్ళు రంగుల షెడ్డు వేశారు. మామ్మని నేర్పమని పిలిచారు, నన్ను లెక్కలు రాయడానికి తీసుకున్నారు. నా మొదటి ఉద్యోగం అది.

నా పని ఏమిటంటే మామ్మ గుప్పిట్లోంచి తూకం రాబట్టడం. ఆవిడ పటిక పొడి పిడికిట్లో తీసుకోగానే త్రాసులో పోయమనేదాన్ని. 70 గ్రాములు. మళ్ళీ తీయమంటే మళ్ళీ 70కి అటూ ఇటూ. కేజీ నూలుకి రెండు గుప్పిళ్ళు పటిక, అరకేజీ ఎండు తొక్క, పాతిక లీటర్ల నీళ్ళు. నా నోట్‌బుక్ నిండా ఆవిడ చెయ్యే.

శిక్షణకి వచ్చిన ఒకాయన నారింజ రంగు ఉప్పు పొడి తెచ్చాడు. డైక్రోమేట్. అది వేస్తే రంగు ముదురుగా, గట్టిగా వస్తుందన్నాడు. నిజంగానే వచ్చింది. మామ్మ చిలప చూసి మెచ్చుకుని, "ఈ మిగిలిన నీళ్ళు ఎక్కడ పోస్తారు బాబూ?" అని అడిగింది. ఆయన కాలవ వైపు చూశాడు. "మా నీళ్ళు అరటి మొదట్లో పోస్తాం. ఇవి పోయగలమా?" అంది. ఆ ఉప్పు విషమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ డబ్బా మళ్ళీ షెడ్డులోకి రాలేదు.

నా వల్ల జరిగిన నష్టం కూడా చెప్పాలి. ఒక వేసవిలో 40 కేజీల నూలు, అంతా దానిమ్మ పసుపు, ఎగ్జిబిషన్ చీరలకి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1852 నుంచీ మా బతుకంతా కాలవ నీళ్ళ మీదే. కానీ ఎండాకాలం మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు. డేట్ దగ్గర పడుతోందన్న టెన్షన్‌లో నేను బోరు నీళ్ళు గాబుల్లో నింపించేశాను. మామ్మ ఆ వారం జ్వరంతో ఇంట్లో ఉంది. పొద్దున్న చూస్తే పసుపు లేదు. మొత్తం 40 కేజీలూ పాచి రంగు.

మామ్మని రిక్షాలో తీసుకొచ్చారు. ఆవిడ నూలు చూడలేదు. నేరుగా బోరు దగ్గర బకెట్టు వంచి చూసింది. లోపల అంచు చుట్టూ ఎర్రటి చార. వేలితో రుద్ది నాకు చూపించింది. "ఇది మేకుల కుండే కదే అమ్మడూ" అంది. అంతే. అరవలేదు. ఊరి చెరువు నుంచి రిక్షా మీద డ్రమ్ములతో నీళ్ళు తెప్పించి, తొందరకి కొత్త నూలు కొని, ఆ జ్వరంతోనే మూడు రోజులు కుర్చీ వేసుకుని కూర్చుని చేయించింది. నా జీతంలో కోసుకోమని నేను అడిగితే సంఘం వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ నష్టం ఇప్పటికీ నా మనసులోనే ఉంది. ఇవాళ్టికీ కొత్త ఊరు వెళ్తే ముందు బాత్రూంలో బకెట్టు అంచు చూస్తాను.

మూడేళ్ళకి ఆర్డర్లు తగ్గి షెడ్డు మూతపడింది. తర్వాత కొన్నాళ్ళకే మామ్మ పోయింది. నేను పెళ్ళయ్యి రాజమండ్రి వచ్చేశాను.

* * *

చిన్నాన్న ఇంటికి వెళ్ళేసరికి పైకప్పు విప్పేశారు. మగ్గం గుంటలో పాత పెంకులు నింపుతున్నారు. ఎప్పుడు పగిలిందో, బాన పెరట్లో రెండు చెక్కలుగా పడి ఉంది. ఒక చెక్క లోపలి వైపు తడి చేత్తో తుడిస్తే మట్టి కింద గోధుమ రంగు, దాని కింద పసుపు, పొరలు పొరలుగా. ఆ చెక్క ఒకటి తెచ్చుకున్నాను.

పిన్ని ఒక ట్రంకు పెట్టె చూపించింది. అడుగున న్యూస్‌పేపరు కింద తుపాను నూలు తువ్వాలు ఒకటి మిగిలి ఉంది. ఇన్నేళ్ళలో రంగు కాస్త వెలిసి పల్చబడింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అడ్డంగా నడిచే పేక పోగుల్లో ఒండ్రు డాగులు ఇంకా కనిపిస్తున్నాయి, కాలవలో మబ్బు నీడల్లా. అంచు దగ్గర ఒకచోట నాన్న ముడి. తెగిన పోగు అతికినప్పుడు ఆయన వేసే చిన్న ముడి, వేలికి తగిలితే తెలుస్తుంది.

దానిమ్మ తొక్కలు మా బాల్కనీలో చాప మీద, నీడన ఆరుతున్నాయి. మా అపార్టుమెంటుది బోరు నీళ్ళే, అంచు చార ఎప్పుడో చూసుకున్నాను. ఆదివారం పొద్దున్నే రెండు క్యాన్లు పట్టుకుని గోదావరి గట్టుకి వెళ్ళాలి. మా అమ్మాయి తనూ వస్తానంది.